పసుపు పెట్టిన తెలుపు

సెప్టెంబర్ 27, శనివారం

ప్యాంట్ల పొడవు 6. జిప్పులు 2. ఒక కోటు చేతులు. ఎండ 94.

మధ్యాహ్నం మానవ్, మార్తా వచ్చారు. వాళ్ల పెళ్లికి సరిగ్గా ఆరు వారాలు. మార్తా చేతిలో పెద్ద అట్టపెట్టె. భోజనాల బల్ల తనే తుడిచి, దాని మీద పెట్టి మూత తీసింది. పల్చటి కాగితాల కింద నల్ల గౌను. దాని మీద మడతపెట్టిన తెల్ల ఏప్రన్, అంచున చేత్తో అల్లిన లేసు.

"మా నానమ్మకు నానమ్మ పెళ్లి గౌను అంకుల్. 1900లో కుట్టుకుంది. మాలో పెళ్లికూతుళ్లు నలుపే వేసుకునేవాళ్లు. నాకు చంకల దగ్గర పట్టేస్తోంది. వదులు చేస్తారా?"

మార్తా ఇంగ్లీషులోనే మాట్లాడుతుంది. నేను తెలుగులో రాసుకుంటున్నాను.

మానవ్ నా మొహం చూసి తొందరగా అందుకున్నాడు. "నాన్నా, మార్నింగ్ అంతా మన పద్ధతే. మధుపర్కాలు, తాళి, ఎవ్రీథింగ్. ఆఫ్టర్‌నూన్ పాస్టర్ వచ్చి బ్లెస్ చేస్తారు. అప్పుడు ఇది వేసుకుంటుంది. ఓకేనా?"

చూస్తానన్నాను.

నాకేం అభ్యంతరం లేదు. రేణు బాధపడుతుందేమోనని.

సెప్టెంబర్ 28, ఆదివారం

సెలవు. గౌను బయటికి తియ్యలేదు.

రేణు తీసింది. కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని, "ఏమండీ, ఎంత సన్న కుట్టో చూశారా? మీరు కూడా ఇంత సన్నగా కుట్టలేరు" అంది. బాధ పైకి చెప్పే మనిషి కాదు.

మొదట్లో ఆ అమ్మాయి జర్మన్ అనుకున్నాం. కాదట. జర్మనీ నుంచి వచ్చారు, అంతే. సోర్బులు అంటారు, ఇక్కడి వాళ్లు వెండులు అంటారు. జర్మనీ లోపల, పోలండు పక్కన, వేరే భాష మాట్లాడే కొద్దిమంది జనం. వాళ్లకంటూ ఒక దేశం ఎప్పుడూ లేదట. 1854లో ఓడెక్కి ఇక్కడ టెక్సస్‌లోనే దిగారు. వాళ్ల నానమ్మ ఆగ్నెస్ గారికి ఆ భాష వచ్చు. మార్తా వారానికోసారి జర్మనీలో ఉన్న ఒకావిడ దగ్గర ఆన్‌లైన్లో నేర్చుకుంటోంది. నేర్చుకున్నది నానమ్మకు అప్పజెబితే, "ఇది పుస్తకాల భాష, మన వంటింట్లో ఇలా అనం" అని కోప్పడుతుందట. చెప్పి నవ్వింది.

సెప్టెంబర్ 30, మంగళవారం

ప్యాంట్లు 4. స్కర్టు నడుము 1. షర్టు కాలర్లు 3.

చికాగో పక్కన షామ్‌బర్గ్ నుంచి మా బావమరిది కేశవరావు ఫోను. రేణు గౌను సంగతి చెప్పినట్టుంది.

"ఏం బావా, పెళ్లా, కోర్టు వాయిదానా? లాయరు కోటు కుడుతున్నావట."

నేను నవ్వాను.

"నవ్వుతావేంటి. ముహూర్తం పెట్టుకున్న ఇంట్లో నల్లగుడ్డ ఏంటి? ఆ పిల్లకి ఏదో ఒకటి చెప్పు. టైలరువి, నీకు చెప్పడం రాదా?"

ఒంగోల్లో నాకు రెండు మిషన్లుండేవి. పెళ్లి బట్టలు కుట్టే మిషను మీద నల్లదారం ఎక్కించేవాణ్ణి కాదు. ఎవరూ చెప్పలేదు. నాకు నేనే పెట్టుకున్న పద్ధతి.

అక్టోబర్ 4, శనివారం

ప్యాంట్లు 5. జిప్పు 1.

మార్తాకి చెప్పాను. పాత ఉన్ని, విప్పితే చిరుగుతుంది, లోపల మార్జిన్ కూడా లేదు, కుట్టు ఆగదు అని. ఆ అమ్మాయి గౌను చెయ్యి పట్టుకుని కాసేపు నిలబడింది. "థాంక్స్ ఫర్ ట్రైయింగ్ అంకుల్" అంది. పెట్టె మాత్రం ఇక్కడే వదిలేసింది.

కుట్టు ఆగదు. పాత ఉన్ని.

అక్టోబర్ 5, ఆదివారం

కుట్టు ఆగుతుంది.

అక్టోబర్ 11, శనివారం

పని లెక్క రాయలేదు.

పొద్దున తొమ్మిదింటికి ఇంటి ముందు పాత పికప్ ట్రక్కు ఆగింది. దిగింది ఆగ్నెస్ గారు. ఎనభై ఆరేళ్లు. గిడ్డింగ్స్ అవతల పొలం నుంచి డెబ్బై నిమిషాలు ఒక్కతే డ్రైవ్ చేసుకుంటూ వచ్చింది. రేణు ఇచ్చిన కాఫీ నిలబడే తాగి, "గౌను ఏదీ?" అంది.

తెచ్చి బల్ల మీద పరిచాను. ఆవిడ భుజం కుట్టు దగ్గర రెండు చేతులతో పట్టి ఒక్క గుంజు గుంజింది. నా ప్రాణం పోయింది. గౌను చెక్కుచెదరలేదు.

"దీన్ని వేసుకునే మా వోవ్కా ఆదివారం చర్చికెళ్లేది. వచ్చి దీంతోనే ఆవు పాలు పితికేది. ఆగదంటావా?"

వోవ్కా అంటే వాళ్ల భాషలో నానమ్మ. నేను తల దించుకున్నాను.

"నీకు నలుపు ఇష్టం లేదు. ఆ మాట చెప్పు. బట్ట మీద అబద్ధం చెప్పకు."

రేణు వంటింట్లోంచి బయటికొచ్చింది. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. తనంతట తనే చెప్పుకొచ్చింది.

"1960లో నా పెళ్లికి ఇది వేసుకోమని వోవ్కా ఇచ్చింది. అప్పటికి అందరూ మానేశారు. మొగుడి వైపు వాళ్లు నవ్వుతారని మా అమ్మ సిగ్గుపడింది. దుకాణంలో తెల్ల గౌను కొన్నారు. మాలో ఒళ్లంతా తెల్లగుడ్డ ఎప్పుడు కప్పుకుంటారో తెలుసా? మొగుడు పోయినప్పుడు. చర్చి గుమ్మంలో నన్ను చూసి వోవ్కా, 'ఎవరు చచ్చారే?' అంది. మా భాషలో అంది. మా ఆయన ఏమన్నదని అడిగాడు. చాలా అందంగా ఉన్నావంది అని చెప్పాను."

కాఫీ కప్పు నా చేతికిచ్చింది.

"మాకు జెండా లేదు, పాస్‌పోర్టు లేదు. ఆడవాళ్లు పెట్టెల్లో దాచినవే ఉన్నాయి. ఇన్నేళ్లకు ఒక పిల్ల తనంతట తను అడిగింది. నీ వల్ల అవుతుందా, అవదా?"

అవుతుందన్నాను.

అక్టోబర్ 12, ఆదివారం

చంక కింద కుట్లు విప్పాను. చేతి కుట్టు, అంగుళానికి పద్దెనిమిది. నేను పని నేర్చుకున్నది కూడా ఇలాగే, ఎవరివో పాత బట్టలు విప్పి చూసి. నాకు గురువు లేడు.

లోపల ఒకటిన్నర అంగుళం మార్జిన్ ఉంది. అటు ఒకటిన్నర, ఇటు ఒకటిన్నర. మార్జిన్ లేదని నేను చెప్పింది విప్పి చూడకుండానే. ఆవిడ తనకు అక్కర్లేని గుడ్డ లోపల మడిచిపెట్టింది. ఒళ్లు రావచ్చని తనకోసమే వదులుకుందో, తర్వాత వేసుకునేవాళ్ల కోసమో తెలియదు. లోపలి గుడ్డ ఇంకా నల్లగా నిగనిగలాడుతోంది. బయటిది కాస్త గోధుమరంగుకు తిరిగింది.

మిషను వాడను. చేత్తోనే.

అక్టోబర్ 14, మంగళవారం

ప్యాంట్లు 3. గౌను ఎడమ చంక. అంగుళానికి పద్నాలుగు కుట్లే పడుతున్నాయి. విప్పాను.

అక్టోబర్ 15, బుధవారం

పదహారు. విప్పాను.

అక్టోబర్ 16, గురువారం

పద్దెనిమిది.

అక్టోబర్ 18, శనివారం

ప్యాంట్లు 7. కోటు 1. గౌను పూర్తయింది.

కేశవరావు ఫోను చేశాడు. "చెప్పావా బావా?" అన్నాడు. "కుట్టాను" అన్నాను.

అక్టోబర్ 19, ఆదివారం

ఏప్రన్ మీద పసుపు పెట్టాను.

కావాలని కాదు. లేసు ఒకచోట ఊడితే కుట్టి, ఇస్త్రీ చేసి, మడతపెట్టాను. రేణు పూజ చేసుకుని పసుపు గిన్నె అక్కడే బల్ల మీద వదిలింది. పెళ్లి బట్ట పూర్తయితే నాలుగు మూలలా పసుపు పెట్టి ఇవ్వడం ముప్ఫై ఏళ్ల అలవాటు. పైగా తెల్లబట్ట. వేలు దానంతట అదే వెళ్లింది. నాలుగో మూల పెట్టాక తెలిసింది.

నూట పాతికేళ్ల ఏప్రన్.

రేణుకు చెప్పలేదు. సబ్బు పెట్టకూడదు, ఎర్రబడుతుంది. ఎండ ఒక్కటే మందు.

అక్టోబర్ 20, సోమవారం

ప్యాంట్లు 5. ఎండ 88. హెచ్.ఓ.ఏ., అంటే కాలనీ సంఘం వాళ్ల కంట పడకుండా పెరట్లో కంచె లోపలివైపు తాడు కట్టి, ఏప్రన్ తడిపి ఆరేశాను. పసుపు అలాగే ఉంది.

అక్టోబర్ 21, మంగళవారం

ప్యాంట్లు 4. ఎండ 90. నాలుగో వంతు తగ్గింది. తగ్గినట్టే ఉంది.

అక్టోబర్ 22, బుధవారం

మబ్బు.

అక్టోబర్ 23, గురువారం

ప్యాంట్లు 6. ఎండ 91. సగం పోయింది. రేణు చూసింది. "ఏమండీ, ఎవరికి తెలియకూడదని ఇదంతా?" అంది. పని చూసుకో అన్నాను. అలా అనకుండా ఉండాల్సింది.

అక్టోబర్ 25, శనివారం

మార్తా, ఆగ్నెస్ గారు గౌను కొలత చూసుకోవడానికి వచ్చారు. సరిపోయింది. మార్తా అద్దం ముందు చేతులు పైకెత్తి, దించి, మళ్లీ ఎత్తింది. ఆగ్నెస్ గారు చంక కింద వేలితో తడిమి, "ఎక్కడ విప్పావు?" అని అడిగింది. ఆ మాట చాలు నాకు.

"ఏప్రన్?"

ఇస్త్రీ ఇంకా కాలేదన్నాను. అది పెరట్లో తాడు మీద ఉంది.

అప్పుడే రేణు సంతోషంగా మధుపర్కాల చీర తెచ్చి చూపించింది. "ముహూర్తానికి మార్తా ఇది కట్టుకుంటుంది." తెల్లచీర, ఎర్ర అంచు. పసుపు ఇంకా పెట్టలేదు. అది పెళ్లిరోజు పెడతారు.

ఆగ్నెస్ గారు చీర విప్పించి చూసింది. విప్పినకొద్దీ తెలుపే వచ్చింది.

"ఎవరు చచ్చారు?" అంది. ఈసారి ఇంగ్లీషులో.

"వోవ్కా, ప్లీజ్" అంది మార్తా. ఆవిడ వినలేదు. గౌను విప్పించి, తనే మడిచి, పెట్టెలో పెట్టుకుంది.

"నా పిల్లని మళ్లీ తెల్లగుడ్డలో కూర్చోబెడతారా? ఒకసారి నోరు మూసుకున్నాను. ఇంక మూసుకోను. ఆ చీర కడితే ఈ గౌను లేదు, నేనూ రాను."

రేణు ఏడ్చింది. మానవ్ ఫోనులో, "నాన్నా, యూ హావ్ టు ఫిక్స్ దిస్. ప్లీజ్. నాకు ఎవరితో ఏం మాట్లాడాలో అర్థం కావట్లేదు" అన్నాడు. నాకు మాట్లాడటం రాదని వాడికి తెలుసు. తెలిసీ అడిగాడంటే.

మా పెళ్లిరోజు అమ్మ...

అక్టోబర్ 26, ఆదివారం

తాడు మీద నుంచి ఏప్రన్ తీసి, న్యూస్ పేపర్లో చుట్టి గిడ్డింగ్స్ వెళ్లాను. అరవై రెండు మైళ్లు. ఏం చెప్పాలో దారంతా ఇంగ్లీషులో అనుకుంటూ వెళ్లాను. తలుపు తీసేసరికి అన్నీ మర్చిపోయాను.

ఆవిడ నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. వంటగదిలో బల్ల నిండా గుడ్డ పరిచి, దాని మీద కోడిగుడ్లు కలిపిన పిండి పల్చగా వత్తి ఆరబెట్టింది. నూడుల్స్ కోసం. చర్చి వాళ్లకు వారం వారం చేసి ఇస్తుందట.

"కొయ్యడం వచ్చా?"

కత్తి ఇచ్చింది. పిండి సరిగ్గా ఆరిన బట్టలాగే ఉంది. సన్నగా, ఒకే వెడల్పుగా కోస్తూ పోయాను. ఆవిడ ఒక పోగు తీసి వెలుతురుకి పట్టి చూసి, పక్కన పెట్టింది. చేతికి పని దొరికాక నోరు తెరుచుకుంది.

మా ఇళ్లల్లో కూడా తెలుపు అలాంటిదేనని చెప్పాను. మా అమ్మ ఇరవై తొమ్మిదేళ్లు తెల్లచీరే కట్టింది. మా పెళ్లిరోజు వంటగది తలుపు వెనక నిలబడి చూసింది. ముందుకు రాకూడదు. పీట మీద నుంచి ఆ తలుపుకు పద్నాలుగు అడుగులు. లెక్కపెట్టాను. లేవలేదు. అందరూ ఏమంటారోనని కూడా కాదు, లేవాలని అప్పుడు తట్టలేదు. తట్టిందేమో కూడా.

ఆవిడ కొయ్యమన్నట్టు ఇంకో పిండి రేకు ముందుకు జరిపింది.

పెళ్లికూతురి తెల్లచీరకు పసుపు పెడతామని చెప్పాను. పసుపు పెట్టిన తెలుపు వేరు. అది పెళ్లి తెలుపు. పసుపు లేకుండా ఏ తెల్లబట్టా పెళ్లిపిల్ల చేతికి ఇవ్వలేను. నా చెయ్యి ఇవ్వదు.

అప్పుడు పేపరు విప్పి ఏప్రన్ చూపించాను.

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని నాలుగు మూలలూ చూసింది. దగ్గరగా చూస్తేనే తెలుస్తోంది.

"ఎన్ని రోజులు ఎండబెట్టావు?"

"ఆరు. మధ్యలో ఒకరోజు మబ్బు."

"ఎందుకు?"

"మీకు తెలియకూడదని."

ఆవిడ కుర్చీలో వెనక్కి వాలింది. "మా ఆయనా ఇంతే. ట్రాక్టర్‌తో గేటు గుద్ది, నెలరోజులు తాడుతో కట్టి ఉంచాడు. తీసిన ప్రతిసారీ మళ్లీ కట్టేవాడు. నేను చూస్తూనే ఉన్నాను."

నవ్వుతోందో కోపంగా ఉందో తెలియలేదు. ఏప్రన్ తీసుకుంది. చీర సంగతి ఏమీ చెప్పలేదు. వచ్చేటప్పుడు ఒక సంచీడు నూడుల్స్ ఇచ్చింది. "ఆలోచించుకోనీ" అంది.

అక్టోబర్ 28, మంగళవారం

ప్యాంట్లు 5. జిప్పులు 2. ఫోను రాలేదు. నూడుల్స్ తిరగమోత వేసి వండింది రేణు. బాగున్నాయి.

అక్టోబర్ 30, గురువారం

ప్యాంట్లు 4. రాలేదు.

నవంబర్ 1, శనివారం

ప్యాంట్లు 8. కేశవరావు టికెట్లు బుక్ చేసుకున్నాడు. "గొడవ తీరిందా? నల్లగౌను పోయిందటగా, మంచిదేలే బావా" అన్నాడు.

మంచిది కాదన్నాను. ఇంకేదో అన్నాడు. మంచిది కాదని మళ్లీ అన్నాను.

నవంబర్ 5, బుధవారం

ప్యాంట్లు 2. షాపులో పని మధ్యలో వదిలి ఇంటికి రావాల్సి వచ్చింది. రేణు ఫోను చేసింది, ట్రక్కు వచ్చిందని.

ఆవిడ పెట్టె బల్ల మీద పెట్టి కూర్చుని ఉంది. "నా కళ్ల ముందు పెట్టు" అంది. ముందు అర్థం కాలేదు. రేణుకు అర్థమైంది. చీర తెచ్చింది, పసుపు గిన్నె తెచ్చింది. పెళ్లిరోజు పెట్టాల్సింది ఇవాళే పెట్టించింది. చెంగు మూలల్లో, అంచు పొడుగునా రేణు పసుపు పెడుతుంటే ఆవిడ ఒక్కో చుక్కా చూసింది. చివరి మూల తనే పెట్టింది. వేలు చాలాసేపు అక్కడే ఉంచింది.

తర్వాత పెట్టెలోంచి ఏప్రన్ తీసి నా ముందు పరిచింది.

"దీనికీ."

పెట్టిన పసుపు పోయింది కదా అన్నాను. "పోయింది. అందుకే మళ్లీ పెట్టమంటున్నాను. ఈసారి తెలిసి పెట్టు."

పెట్టాను. నాలుగు మూలలా.

నవంబర్ 9, ఆదివారం

సెలవు. నిన్న పెళ్లి.

మధ్యాహ్నం మార్తా నల్ల గౌను వేసుకుంది. పైన తెల్ల ఏప్రన్, మూలల్లో పసుపు. డాన్స్ చేసేటప్పుడు చేతులు రెండూ పైకెత్తింది. కుట్టు ఆగింది. కేశవరావు పక్కన నిలబడి, "లాయరమ్మ బాగానే ఉంది బావా" అన్నాడు. అంతకంటే వాడి దగ్గర ఆశించను.

పొద్దున సంగతి రాయాలి.

పురోహితులు విశ్వనాథం గారు మంత్రాలు మొదలుపెట్టి, పెళ్లికూతురికి అక్షతలు వెయ్యడానికి ముత్తైదువలు ముందుకు రండి అన్నారు. రేణు వైపు వాళ్లందరూ లేచారు. మార్తా తల తిప్పి చూసింది. ఎవరి కోసమో నాకు తెలుసు. ఆగ్నెస్ గారు హాలు చివర, కేటరింగ్ వాళ్లు వచ్చిపోయే తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎవరో చెప్పినట్టున్నారు, భర్త లేనివాళ్లు ఇప్పుడు ముందుకు రాకూడదని. ఎవరు చెప్పారో నేను అడగలేదు. ఆవిడ గోడకు ఆనుకుని, చేతిసంచీ రెండు చేతులతో పట్టుకుని చూస్తోంది.

నేను మానవ్ పక్కన వేసిన పీట మీద నుంచి లేచాను.

"బావా, కూర్చో. మధ్యలో లేవకూడదు" అన్నాడు కేశవరావు. విశ్వనాథం గారు మంత్రం ఆపారు. మైకు ఆన్‌లోనే ఉంది. హాల్లో అందరూ నన్నే చూశారు.

వెళ్లి ఆవిడ ముందు నిలబడ్డాను. చెయ్యి చాపాను. ఆవిడ సంచీ తలుపు పక్క కుర్చీలో పెట్టి నా చెయ్యి పట్టుకుంది. మార్తా పక్కన కూర్చోబెట్టాను. విశ్వనాథం గారు ఆవిడను చూశారు, నన్ను చూశారు, పళ్లెం ఆవిడ వైపు జరిపి మంత్రం అందుకున్నారు.

ఈ హాల్లో పీట నుంచి తలుపుకు ఇరవై రెండు అడుగులు. తిరిగి వచ్చేటప్పుడు ఆవిడ నడకతో ముప్ఫై ఎనిమిది.